ఒక్కసారి మోగితే క్షేమం

కువైట్ ఖైతాన్‌లో చిన్నపుల్లయ్య ఇల్లెక్కడని అడిగితే ఏ చిన్నపుల్లయ్య అంటారు. పరస్పర పుల్లయ్య అనండి, టైలరు కొట్టు పక్క సందు, మూడో అంతస్తు అని చెయ్యి చూపిస్తారు. ఇంటిపేరూ ఊరిపేరూ పక్కకు పోయి, సంఘం నియమావళిలోని మాటొకటి ఆయనకు అతుక్కుపోయింది. వెక్కిరించడానికే పెట్టారు ఆ పేరు. ఆయన మాత్రం దాన్ని బిరుదులా మోశాడు. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే పలకడం లేదు. ఎందుకు పలకడం లేదో చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

ఆయనది పెనగలూరు మండలం. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఇంటి డ్రైవరుగా కువైట్‌లో దిగాడు. అరబ్బు పిల్లల్ని బడికీ, వాళ్ళ అమ్మల్ని బజారుకీ తిప్పి తిప్పి తొమ్మిదేళ్ళకు విసుగెత్తి, వీసా మార్చుకుని ఒక ఇన్సూరెన్సు కంపెనీలో మేనేజరుకు డ్రైవరయ్యాడు. ఆ మేనేజరు స్కాట్లండు మనిషి. ఇంగ్లీషాయన అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. ఐదో రింగు రోడ్డు మీద కార్లు నిలిచిపోయినప్పుడల్లా వెనక సీట్లోంచి తన తాత కథ చెప్పేవాడు.

ఆ తాత బొగ్గు గనుల ఊళ్ళో పుట్టి, ఎన్నికల్లో నిలబడి, మూడుసార్లు ఓడి రెండుసార్లు గెలిచాడట. ఓడినా గెలిచినా ఆయనది ఒకటే పట్టు. గనిలో కాలు పోగొట్టుకున్న కూలి కంపెనీ ముందు చెయ్యి చాచకూడదు, తోటి కూలీలే అతనికి పూచీ పడాలి, ఆ పూచీకి యజమాని అంటూ విడిగా ఎవడూ ఉండకూడదు. ఏడాదికోసారి మీటింగు పెట్టాలి. అందులో ఏ మూల కూర్చున్నవాడైనా లేచి కార్యదర్శిని నిలదీయవచ్చు. "మీటింగు లేకపోతే అదీ ఒక వ్యాపారమే, పుల్లయ్యా" అనేవాడు దొర. చిన్నపుల్లయ్యకు సగమే అర్థమయ్యేది. ఆ సగానికే ఆయన ఊగిపోయేవాడు. ఈ పద్ధతిని తెలుగులో ఏమంటారని ఊళ్ళో అయ్యవారికి ఫోన్ చేసి అడిగాడు. పరస్పరం అని చెప్పాడు అయ్యవారు.

దొర రిటైరై వెళ్ళిపోయిన ఏడాదే సంఘం పుట్టింది. రాయచోటి ఖాసిం వలి అనే టైలరు కొట్టులో, ముక్కలు ముక్కలుగా కత్తిరించిన గుడ్డల మధ్య పదకొండు మంది కూర్చుని పెట్టుకున్నారు. నెలకు తలా అర దినారు. ఎవరికి కష్టం వచ్చినా మిగతావాళ్ళది పూచీ. ఖాసిం వలి కోశాధికారి, చిన్నపుల్లయ్య కార్యదర్శి. పరంజా మీదనుంచి పడి నడుం విరిగిన తాపీమేస్త్రీని టికెట్టు పెట్టి ఇంటికి పంపినప్పుడు, ఇదేదో నిజంగానే చేస్తున్నారని జనం నమ్మారు. ఏడెనిమిదేళ్ళలో సభ్యులు నాలుగు వందలు దాటారు.

ఏటా ఎన్నికలు జరిగేవి. నిజం చెప్పాలంటే చిన్నపుల్లయ్యకు ఎన్నికలంటే పండగ. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, గది గదికీ తిరిగి, వండుకుంటున్నవాళ్ళ గిన్నెల్లోకి తొంగిచూసి, ఉప్పు తక్కువైందని చెప్పి మరీ ఓటు అడిగేవాడు. పోటీకి నిలబడేవాడు దొరక్కపోతే తానే ఒకణ్ణి బతిమాలి నిలబెట్టేవాడు. మా ఆఫీసులో కుర్చీ లేదు, ఉన్నదల్లా ఒక నోటు పుస్తకం, దానికింత హంగామానా అని ఖాసిం వలి నవ్వేవాడు.

ఆయన తలకెత్తుకున్న అసలు పోరాటం వేరే ఉంది. సంఘంలో ఉన్నవాళ్ళందరూ మగవాళ్ళే. డ్రైవర్లు, మేస్త్రీలు, కంపెనీ పనివాళ్ళు. అరబ్బు ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, అక్కడ ఖద్దామాలు అంటారు, వాళ్ళలో ఒక్కరూ లేరు. గేటు దాటనివ్వని మనిషి మీటింగుకు ఎలా వస్తుంది, బతికుందో లేదో తెలియని మనిషికి పూచీ ఎలా పడతామని ఖాసిం వలి అడ్డం తిరిగాడు. అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. దానికి జవాబు కనిపెట్టడానికి చిన్నపుల్లయ్యకు రెండేళ్ళు పట్టింది.

ఆ జవాబు మిస్డ్ కాల్. శుక్రవారం జుమా నమాజుకు ఇంట్లో మగవాళ్ళు మసీదుకు పోతారు. ఇంటావిడ, అంటే మామా, అప్పటికింకా పడక దిగదు. ఆ అరగంటలో సభ్యురాలు సంఘం నంబరుకు ఫోన్ చేసి ఒక్కసారి మోగనిచ్చి కోసేస్తే క్షేమం. కోసి మళ్ళీ రెండోసారి మోగిస్తే కష్టం. వరసగా రెండు శుక్రవారాలు మోగకపోతే సంఘం వెళ్ళి వాకబు చేయాలి. ఎత్తడం, తిరిగి చేయడం మాత్రం కుదరదు. మోగించాక ఆమె ఫోన్ ఆపేసి దాచేయాలి.

ఆ ఎత్తకూడదన్నదే ఏడో నియమం. దాని వెనక ఒక సంగతి ఉంది. మొదట్లో, సభ్యత్వం ఇంకా ఇవ్వకముందే, ఆత్రం కొద్దీ ఒకామెకు తిరిగి ఫోన్ చేశాడు చిన్నపుల్లయ్య. సబ్బుపొడి డబ్బాలో దాచిన ఫోను మామా చేతికి చిక్కింది. ఆమెను కట్టుబట్టలతో, జీతం లేకుండా విమానం ఎక్కించారు. ఆ పాపం నాదేనని ఆయన నెలరోజులు సరిగ్గా తినలేదు. అందుకే నియమంలో "ఎట్టి పరిస్థితిలోనూ" అన్న మాటను స్వయంగా చేర్చి, కింద గీత గీశాడు.

ఆ ఏటి ఎన్నిక మొత్తం ఆడవాళ్ళ సభ్యత్వం మీదే జరిగింది. వారానికొక పూట సెలవున్న వంటమనిషి హమీదా బీ ఒక్కతే ఆడవాళ్ళ తరఫున ఫహాహీల్‌లోని మీటింగు హాలుకు వచ్చి, తలుపు దగ్గర నిలబడే విన్నది. పదకొండు ఓట్ల తేడాతో చిన్నపుల్లయ్య గెలిచాడు. ఆ రోజు ఆయన ముఖం చూడాలి. దొర తాత ఆత్మ శాంతించిందిరా అని హాలంతా వినబడేలా అన్నాడు.

నాలుగేళ్ళలో నలభై మంది ఆడవాళ్ళు చేరారు. ఆరుగురికి రెండు మోతలు మోగాయి. ఆరుగురినీ ఎంబసీ చుట్టూ తిరిగి, కఫీళ్ళ, అంటే వీసా ఇచ్చిన యజమానుల, కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని బయటికి తెచ్చాడు. శుక్రవారం పదకొండున్నరకే స్నానం చేసి, చిన్న బటన్ల ఫోనును చాప మీద పెట్టుకుని, పుస్తకం తెరిచి కూర్చునేవాడు. మోగిన పేరు ముందు ఒక గీత. ఆ అరగంట గదిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే కసురుకునేవాడు.

అందరిలోకీ గడియారంలా మోగించేది శివపార్వతి. పుల్లంపేట మనిషి, ఫహాహీల్ అవతల ఒక పెద్ద ఇంట్లో పని. సరిగ్గా పన్నెండూ ఇరవైకి మోగేది ఆమె ఫోను. ఆమెను సంఘంలో చేర్పించింది అక్క పోలేరమ్మ. పోలేరమ్మ అబూ హలీఫాలో ఒక డాక్టరు ఇంట్లో చేస్తుంది. అక్కచెల్లెళ్ళు ముఖాలు చూసుకుని రెండేళ్ళయింది. నెలాఖరున చెల్లెలే వీలు చూసి ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడేది. జనవరిలో ఆ ఫోను రాలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో పోలేరమ్మ ఖైతాన్ వచ్చింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకుండానే విషయం చెప్పింది.

"మా చెల్లెలు ఫోన్ చేయక నెలన్నర దాటింది అన్నా. నేను చేస్తే ఎప్పుడు చూసినా ఆఫు. నాకేమో బయంగా ఉండాది."

చిన్నపుల్లయ్య నవ్వాడు. పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు. "చూడమ్మా, ఇదీ మీ చెల్లెలి వరస. ఒక్క శుక్రారం తప్పలేదు. మొన్న గూడా పన్నెండూ ఇరవైకే మోగింది. బాగుంది కాబట్టే గదా మోగించేది?"

"నువ్వొకసారి ఎత్తి మాట్లాడితే ఏమన్నా? మోగంగానే ఎత్తు. దాని గొంతు విను, సాలు. ఆ టయానికి నేను వడ్డనలో ఉంటా, నాకు కుదరదు."

"ఎత్తగూడదమ్మా. ఎత్తితే ఏమయిందో నాకు తెలుసు, నీకు తెలీదు. నియమం నీ చెల్లెలి కోసమే పెట్టినాము."

చదువుకున్నవాళ్ళు, నలుగురికి సాయం చేసినవాళ్ళు చెబుతున్నారు కదా అని సరిపెట్టుకుని పోలేరమ్మ వెళ్ళిపోయింది. మార్చిలో మళ్ళీ వచ్చింది. రంజాన్ నెల కదా, ఇళ్ళల్లో పని విపరీతంగా ఉంటుంది, మాట్లాడే తీరిక ఎక్కడిదని ఆయన సర్దిచెప్పాడు. మళ్ళీ అదే పుస్తకం చూపించాడు. ఈసారి కొంచెం విసుక్కున్నాడు కూడా. నలభై మందిని కాపాడుకొస్తున్న పద్ధతి మీద తన సంఘం మనిషే అనుమానపడటం ఆయనకు నచ్చలేదు.

రంజాన్ పండగ తర్వాతి శుక్రవారం పోలేరమ్మకు పూర్తి రోజు సెలవు దొరికింది. ఫోన్ ఎత్తొద్దన్నావు సరే, ఆ ఇంటి ముందు నిలబడి దూరం నుంచైనా చెల్లెల్ని చూసుకుంటాను, కారులో తీసుకుపో అంది. చిన్నపుల్లయ్యకు ఒప్పుకోక తప్పలేదు. సంఘం ఫోనునూ పుస్తకాన్నీ వెంట పెట్టుకుని, ఫహాహీల్ దాటి ఆ ఇంటి వీధిలోకి పోయి, ఎదురు గోడ నీడలో కారు ఆపాడు. మసీదు మైకులో ప్రసంగం వినిపిస్తోంది. వీధిలో పిల్లి కూడా లేదు.

పన్నెండూ ఇరవైకి ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. శివపార్వతి నంబరు. చిన్నపుల్లయ్య ఆనందం పట్టలేకపోయాడు. "ఇదో, చెప్పలేదా నేను? మీ చెల్లెలే!"

పోలేరమ్మ ఫోను వైపు చూడటం లేదు. ఆ ఇంటి పక్క తలుపు వైపు చూస్తోంది. చెత్త డబ్బా దగ్గర ఒక నడివయసు ఆవిడ, చేతిలోని చిన్న ఫోనును ఆపి, గౌను జేబులో వేసుకుంటోంది.

"అది మా చెల్లెలు కాదన్నా" అంది పోలేరమ్మ.

పోలేరమ్మ తలుపు తీసుకుని ఒక్క పరుగున రోడ్డు దాటింది. ఆవిడ శ్రీలంక నుంచి వచ్చిన వంటామె. ఆమెకు తెలుగు రాదు, పోలేరమ్మకు సింహళం రాదు. ఇద్దరికీ వచ్చినవి పనిమనుషుల అరబ్బీ ముక్కలు నాలుగు. వాటితోనే గబగబా మాట్లాడుకున్నారు. కారులోకి ఒక మాటే స్పష్టంగా వినబడింది. "శివా రూ మక్తబ్. ఖలాస్."

రూ అంటే పోయింది, మక్తబ్ అంటే పనిమనుషుల్ని తెప్పించే ఏజెన్సీ ఆఫీసు. పోలేరమ్మ తిరిగొచ్చి కూలబడి చెప్పింది. శివపార్వతికి కడుపులో నొప్పి వచ్చిందట. పని చేయలేకపోతుంటే జనవరి నెలాఖరున మామా ఆమెను తీసుకుపోయి మక్తబ్‌లో అప్పగించేసింది. పోయేముందు శివపార్వతి ఈ వంటామె చేతిలో ఫోను కుక్కి, జుమా, తిలిఫూన్, జుమా అని పదే పదే చెప్పింది. ఏడాదిగా ఆమె ప్రతి శుక్రవారం ఆ వేళకు ఒక్కసారి మోగించి కోసెయ్యడం ఈవిడ చూసింది. అది ఏదో మొక్కు అనుకుంది. మాట ఇచ్చాను గదా అని, ఒక్క వారం తప్పకుండా, ఆమె ఎలా చేసేదో అలాగే చేస్తూ వచ్చింది.

రెండుసార్లు మోగించమని చెప్పడానికి శివపార్వతికి మాటలు దొరకలేదో, ఎవరైనా ఎత్తుతారనే అనుకుందో, ఎవరు చెప్పగలరు?

ఖలాస్ అనేది కువైట్‌లో అన్నిటికీ వాడే మాట. పని అయిపోయినా ఖలాస్, అన్నం అయిపోయినా ఖలాస్. మక్తబ్ దాకా చిన్నపుల్లయ్య ఆ మాటనే పట్టుకు వేలాడాడు. అక్కడ గుమాస్తా రిజిస్టరు తిప్పి, ఆ మనిషి నాలుగు వారాలు ఇక్కడే వెనక గదిలో పడుకుందనీ, నొప్పి ముదిరాక ఆసుపత్రికి పంపామనీ, అక్కడ పోయిందనీ చెప్పాడు. అయినవాళ్ళు ఎవరూ రాలేదు, శవం మార్చురీలో ఉంది అన్నాడు. తేదీ ఫిబ్రవరి ఇరవై ఏడు.

కారులో పోలేరమ్మ పుస్తకం అడిగింది. ఆమెకు చదువు రాదు. చెల్లెలి వరసలో గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే జరిపింది.

"ఈ గీతలన్నీ ఎవురియన్నా?"

ఆమె వేలు చివరి గీత మీద ఆగింది.

"నేను మొదటితూరి నీ కాడికి వచ్చినానే, ఆ పొద్దుకు అది బతికే ఉండిందా?"

అబద్ధం చెప్పడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టేది. ఆమె తేదీలు చదవలేదు. చచ్చిపోయింది తల్లీ, అప్పటికే పోయింది అంటే ఆమె కొంతైనా తేలికపడేది, ఆయన కూడా బతికి బయటపడేవాడు. కాని పుస్తకం ఆయన రాసింది. సభ్యుడు లేచి అడిగితే కార్యదర్శి జవాబు చెప్పాలని జనానికి నేర్పింది కూడా ఆయనే.

"ఉండిందమ్మా" అన్నాడు. "పదైదు దినాలు."

పోలేరమ్మ పుస్తకం మూసి, సీటు మీద పెట్టి, కిటికీ వైపు తిరిగింది. అబూ హలీఫా దాకా ఆమె ఏడుపు వింటూనే కారు నడిపాడు. ఊరుకోమ్మా అనే అర్హత తనకు లేదని తెలుసు.

ఆ తర్వాత సంఘం చేయాల్సిందంతా చేసింది. కాగితాలు పన్నెండు రోజుల్లో తెమిలాయి. పెట్టె పుల్లంపేట చేరింది, పోలేరమ్మ కూడా అదే విమానంలో వెళ్ళింది. ఇంత తొందరగా ఎవరూ పంపలేరు, పరస్పర పుల్లయ్య కాబట్టి అయింది అని విమానాశ్రయంలో ఎవరో భుజం తట్టారు. ఆయన ఆ పేరుకు పలక్కుండా బయటికి నడిచాడు.

మే నెలలో సర్వసభ్య సమావేశం. ఏడో నియమం తీసేద్దాం, ఆడవాళ్ళకు హమీదా బీ లాంటి వాళ్ళనే ప్రతినిధులుగా పెట్టి, ఇంటింటికీ పంపించి నోటితో మాట్లాడిద్దాం అని చిన్నపుల్లయ్య కాగితం చదివాడు.

ఖాసిం వలి లేచాడు. పదహారేళ్ళ స్నేహం ఆయన గొంతులో ఉంది.

"పుల్లయ్య భాయ్, నువ్వు చెడ్డోడివని ఎవురూ అనలేదు. అంటే నేనే ఊరుకోను. కానీ కనపడని మనిషికి మనం పూచీ పడలేము. ఇదే మాట ఆ పొద్దూ చెప్పినా. ఇయ్యాల ఒగామె పోయింది. రేపు ఇంగోగామె పోతే, చూస్తామని చెప్పి చూడనోళ్ళం మనమే అవుతాం. ఆడోళ్ళ సబ్యత్వం రద్దు చేద్దాం. అంతే నా మాట."

చేతులు లేచాయి. లెక్కపెట్టనక్కర్లేకపోయింది. చిన్నపుల్లయ్య వైపు పదో పన్నెండో లేచాయి. ఆయన బతుకంతా పోగేసిన ఒకే ఒక్క గెలుపు ఐదు నిమిషాల్లో కొట్టుకుపోయింది. దాన్ని కొట్టెయ్యడానికి ఆయన పుస్తకమే సాక్ష్యం. తాత మూడుసార్లు ఓడాడని దొర చెప్పినప్పుడు, ఓటమి ఇలా ఉంటుందని మాత్రం చెప్పలేదు.

తలుపు దగ్గర నిలబడిన హమీదా బీ ఒక్కటే అడిగింది. "రద్దయిందని ఆ నలభై మందికి ఎట్ల చెప్తారు?"

వాళ్ళకు ఫోన్ చేయకూడదు కదా.

సిమ్ము తిరిగివ్వమని ఎవరూ అడగలేదు, ఆయనా ఇవ్వలేదు. ఆ తర్వాతి శుక్రవారం పదకొండున్నరకు ఎప్పటిలాగే కూర్చున్నాడు. ఈసారి పుస్తకం తెరవలేదు. బొటనవేలు ఆకుపచ్చ బటను మీద పెట్టుకున్నాడు. ఎత్తుదామని, సంఘం లేదమ్మా, నీ మీద ఎవరికీ పూచీ లేదమ్మా, జాగ్రత్తగా ఉండు అని చెబుదామని ఆయన ఉద్దేశం. మొదటి ఫోన్ మోగింది. బటను నొక్కేసరికి కోసేసింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఎవరూ ఎత్తరని, ఎత్తేదాకా ఆగకూడదని ఆయన నాలుగేళ్ళు వాళ్ళకు నేర్పాడు, వాళ్ళు బాగానే నేర్చుకున్నారు. వెంటనే తిరిగి చేస్తే అన్నీ ఆఫు.

పన్నెండూ ఇరవైకి శివపార్వతి నంబరు మోగింది. ఈ ఒక్కటి అందింది.

"హలో" అన్నాడు. "హలో, పుల్లయ్యను మాట్లాడుతుండా."

అవతల మసీదు మైకు వినబడింది. ఎవరో భయంగా ఊపిరి పీల్చుకోవడం వినబడింది. ఫోన్ కట్టయింది.

మరుసటి శుక్రవారం ఆ నంబరు మోగలేదు. ఆపై శుక్రవారమూ మోగలేదు. రెండు శుక్రవారాలు మోగకపోతే సంఘం వెళ్ళి వాకబు చేయాలి. ఆయన ఒక్కడే కారు తీసుకుని వెళ్ళాడు. గోడ నీడలో ఆపి, నమాజు ముగిసేదాకా చూశాడు. పక్క తలుపు తెరుచుకుని కొత్త పనిమనిషి ఎవరో చెత్త పడేసి వెళ్ళింది. దిగి ఆమెను అడుగుదామని కారు తలుపు తీశాడు. శివపార్వతి మాట నిలబెట్టిన ఆ శ్రీలంక వంటామెను ఏ పేరు పెట్టి అడగాలో ఆయనకు తెలియలేదు.